మూడు కొమ్ముల పెట్టె

"అన్ని రూముల్లో వచ్చిందా మేడం?"

హాల్లోంచి అడిగాడతను. తిరుపతిలో మేముంటున్న ఫ్లాటుకు కొత్త ఇంటర్నెట్ బిగించడానికి వచ్చిన మనిషి. నేను ఫోను పట్టుకుని ఒక్కో గదీ తిరిగి చూసి, ఆఖరి గది గుమ్మంలో నిలబడి ఉన్నాను. వచ్చింది. గీతలన్నీ నిండుగా ఉన్నాయి. ఆ మాట చెప్పబోయి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయాను. అతను ఇంకోసారి అడిగి, జవాబు లేకపోయేసరికి తానే లేచి వచ్చాడు. నా కళ్ళు చూసి గాభరాపడ్డాడు. "సిగ్నల్ లేకుంటే సెప్పండి మేడం, ఇంకోటి మార్చిస్తా. దానికి ఏడ్సేదెందుకు?" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అతనికేం తెలుసు పాపం. ఆ ప్రశ్న మా పెద్దమామది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన తర్వాత ఆ ప్రశ్న అడిగిన మనిషి ఒక్కరే, అదీ ఒక్కరోజే. దానికి నేను చెప్పిన జవాబు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

పెద్దమామ అంటే మా మామకు అన్న. చిత్తూరులో నేను కోడలిగా అడుగుపెట్టిన ఇల్లు ముగ్గురు అన్నదమ్ములది. పెద్దమామ, ఆ తర్వాత మా మామ, అందరికన్నా చిన్న చిన్నమామ. ముగ్గురికీ కలిపి ఒక బెల్లం మండీ ఉండేది. ఇల్లు పాతకాలపు తొట్టికట్టు ఇల్లు. మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, దాని చుట్టూ మూడు వైపులా మూడు కుటుంబాల గదులు, నాలుగో వైపు దేవుని గది. గోడలు మూర మందం. ఎంత ఎండలోనైనా లోపల చల్లగా ఉండేది. ఆ గోడలను చూసి మా నాయన, "రేణిగుంటలో మన ఇల్లు నిప్పులకుంపటి గదా, నువ్వు సుఖపడినావు పోమ్మా," అని నన్ను దిగబెట్టి వెళ్ళాడు.

పెద్దమామను తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆయన చొక్కా జేబు. అందులో ఎప్పుడూ ఒక బెల్లంముక్క ఉండేది. ఎవరు ఎదురైనా సరే, ఇంటివాళ్ళు గానీ, పాలవాడు గానీ, ఉత్తరాలిచ్చే మనిషి గానీ, దాన్ని బొటనవేలితో చిదిమి ఇంత చేతిలో పెట్టేవాడు. "సూడు, ఉప్పగా ఉండాదా?" అని అడిగేవాడు. చెరుకుతోటకు పారిన నీళ్ళు మంచివి కాకపోతే బెల్లంలో ఉప్పు తగులుతుందట. నాకు ఏనాడూ తగల్లేదు. ఆయనకు కావలసింది ఉప్పు సంగతి కాదని, మనిషిని కాసేపు నిలబెట్టడానికి ఒక వంక అని నాకు కొన్నాళ్ళకు తెలిసింది. ఆ చొక్కాలు ఉతికే పెద్దత్త మాత్రం జేబుకు పట్టిన చీమలు దులుపుతూ రోజూ ఆయన్ను తిట్టేది.

నా పెళ్ళినాటికే ఆ ఇంట్లో పొయ్యిలు మూడయ్యాయి. ఎందుకయ్యాయో ఎవరిని అడిగినా ఇంకొకరి పేరు చెప్పేవారు. పొయ్యిలు వేరైన రోజునుంచీ పెద్దమామ ఒక కొత్త పని పెట్టుకున్నాడట. అన్నం వేళకు చిన్నమామవాళ్ళ వంటగది గుమ్మంలో నిలబడి, "ఏమి కూర చేసినావమ్మా?" అని అడిగేవాడు. ఇంటిపెద్ద అడిగాక పెట్టక తప్పదు గదా, చిన్నత్త ఒక గిన్నెలో వేసిచ్చేది. దాన్ని తీసుకుని తిన్నగా మా వైపు వచ్చేవాడు. "సిన్నకోడలు మీకు పులగూర పంపించిందమ్మా," అని మా అత్త చేతికిచ్చేవాడు. కాసేపటికి మా ఇంటి గిన్నె అటు పోయేది, అదే అబద్ధంతో. ఎవరూ ఎవరికీ ఏదీ పంపలేదని అందరికీ తెలుసు. తెలిసీ, ఒక్కరోజైనా ఒక్క గిన్నె తమంతట తాము పంపిన పాపాన ఎవరూ పోలేదు. ఆ ఇంటి మనుషులను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఇక్కడే.

పొయ్యిల తర్వాత కరెంటు మీటర్లు మూడయ్యాయి. ఇక కలిసి ఉన్నవంటూ మండీ, వాకిలి, దేవుని గది, వాళ్ళ నాయన పేరు మీదున్న పాత టెలిఫోను మిగిలాయి. "వేరే" అనే మాట వింటే పెద్దమామ చేతిలో ఏమున్నా కింద పెట్టేసేవాడు. నీళ్ళచెంబైనా, పేపరైనా. పెట్టేసి భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ వేసుకునేవాడు. ఆయన భయం నాకు తెలుసు, ఇంట్లో అందరికీ తెలుసు. మూడోసారి ఆ మాట వస్తే వాకిట్లో గోడ లేస్తుంది. ఆయనకు కొడుకుల్లేరు. ఉన్న ఒక్క కూతురు బంగారుపాళ్యంలో కాపురం చేస్తోంది. తమ్ముళ్ళ పిల్లలే ఆయన పిల్లలు. గోడ లేస్తే ఆయనా పెద్దత్తా ఆ మూర మందం గోడల మధ్య ఇద్దరే మిగిలిపోతారు. ఆయనకు బతుకంతా ఆ ఒక్కటే బెంగ.

అలాంటి ఇంటికి ఇంటర్నెట్ వచ్చింది.

తెప్పించింది నా కోసమే. విదేశాల డాక్టర్లు మాట్లాడి పంపే రికార్డింగులు విని, టైపు చేసి తిరిగి పంపే పని అప్పట్లో మాలాంటి చదువుకున్న ఆడవాళ్ళకు ఇంట్లోనే దొరికేది. టెలిఫోను తీగ దేవుని గది కిటికీలోంచి లోపలికి వస్తుంది కాబట్టి మోడెం అక్కడే పెట్టారు. దానికి ఒకే వైరు. ఆ వైరును వాకిలి మీదుగా నా కంప్యూటరు దాకా లాగారు. నెల తిరక్కముందే చిన్నమామ కొడుకు కాలేజీ పనికి ల్యాప్‌టాప్ కొన్నాడు. మా ఆయనకు ఆఫీసులో ఒకటి ఇచ్చారు. మండీ కంప్యూటరు కూడా ఇంటికి చేరింది. వైరు ఒకటే. పొద్దున నాది, సాయంత్రం వాడిది అని ఒప్పందం చేసుకున్నాం గానీ, ఒప్పందాలు నిలబడే ఇల్లయితే పొయ్యిలు మూడెందుకవుతాయి? ఒకరోజు చూస్తే వైరు తలుపు సందులో నలిగి తెగిపోయి ఉంది. ఆ తలుపు ఎవరు గట్టిగా మూశారో చూసినవాళ్ళున్నారు. చెప్పినవాళ్ళు లేరు.

ఆ సాయంత్రం వాకిట్లో చిన్నమామ అననే అన్నాడు. "ఈ గోలంతా ఎందుకన్నా? మా వైపుకు మేము వేరే పెట్టుకుంటాము లే."

పెద్దమామ చేతిలోని కాఫీగ్లాసు నేల మీద పెట్టాడు. తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు.

"ఆగప్పా. అందరికీ వచ్చేది ఒకటి తెస్తా. వైరు లేకుండా వచ్చేది ఉండాదంట గదా. ఆగు," అన్నాడు.

ఆ ఒకటి కోసం చిత్తూరు బజారంతా తిరిగాడు. ఎవరూ ఆయనకు నచ్చిన జవాబు చెప్పలేదు. చివరికి నన్ను వెంటబెట్టుకుని తిరుపతికి బస్సెక్కాడు. "నీకు ఆ బాస తెలుసు గదమ్మా, నువ్వు రావల్ల," అన్నాడు. కంప్యూటర్లమ్మే అంగడిలో కూర్చోగానే ముందు అంగడాయనకు బెల్లం పెట్టాడు. అతను దాన్ని నోట్లో వేసుకుని, "ఇంట్లో ఎన్ని డివైజులు ఉండాయి సామీ?" అని అడిగాడు.

పెద్దమామ వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "మా తమ్ముడు, వాని పెండ్లాము, వాళ్ళ కొడుకు, ఇదో ఈ కోడలు. సిన్న తమ్ముడు, వాని పెండ్లాము, వాళ్ళ పిల్లోళ్ళు..."

"మనుసులు గాదు సామీ, మిషన్లు. కంప్యూటర్లు, ల్యాప్‌టాప్‌లు, నెట్టొచ్చే ఫోన్లు."

"మనుసులు లేకుండా మిషన్లు యాడుంటాయబ్బా? నువ్వు మనుసుల్నే లెక్కేసుకో. మా ఆడది కంప్యూటరు ముట్టదు. అయినా ఆమెను గూడా యేసుకో."

అంగడాయన నవ్వి, ఇల్లెట్లాంటిదని అడిగాడు. పెద్దమామ బల్ల మీద పెన్నులూ పెట్టెలూ జరిపి మా ఇల్లు కట్టి చూపించాడు. ఇది వాకిలి, ఇవి మా గదులు, ఈ తలుపులోంచి పోతే తమ్ముడి గదులు. గోడల మందం చేత్తో కొలిచి చూపించాడు. అంగడాయన తల అడ్డంగా ఊపాడు.

"అంత గోడలంటే ఒకటి సాలదు సామీ. ముందర ఒకటి, వెనకాల ఒకటి, రెండు పెట్టుకోండి. సుకంగా ఉంటారు."

"రెండు పెట్టుకునేదానికైతే నీ దగ్గిరికి ఎందుకొస్తానబ్బా?" పెద్దమామ గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "ఒకటే కావల్ల. ఒకటే ఉండల్ల, అందరికీ రావల్ల. అట్లాంటిది ఉంటే సూపించు, లేదంటే లేదని సెప్పు."

నేను మెల్లగా, "మామా, ఆయన చెప్పేది నిజమే," అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. అంగడాయన ఇక చేసేదిలేక లోపలికి పోయి, ఉన్నవాటిలో పెద్దది తెచ్చి పెట్టాడు. నల్లగా, వెడల్పుగా ఉంది, వెనక మూడు యాంటెన్నాలు. పెద్దమామ వాటిని ఒక్కొక్కటే ముట్టుకుని చూశాడు.

"మూడు కొమ్ములు," అన్నాడు. "మేమూ ముగ్గురం."

మూడు యాంటెన్నాలూ కలిసే పనిచేస్తాయనీ, ఒక్కో దిక్కుకు ఒక్కోటని కాదనీ మేమిద్దరం ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. డబ్బా కట్టిస్తూ అంగడాయన చివరిగా ఒక మాట చెప్పాడు. "తలుపులు మూసిపెట్టుకోవద్దండి సామీ. మూస్తే సిగ్నల్ తగ్గుతాది." ఆ మాట మాత్రం పెద్దమామ చాలా శ్రద్ధగా విన్నాడు. ఇంకోసారి చెప్పించుకున్నాడు కూడా. తిరుగు బస్సులో ఆ పెట్టెను పైన పెట్టనీయలేదు, చిత్తూరు దాకా ఒళ్ళోనే ఉంచుకున్నాడు.

ఇంటికి తెచ్చాక, ఎక్కడ పెట్టాలన్నది ఇంకో రచ్చ. మా వైపు పెడితే చిన్నమామ ఒప్పుకోడు, అటు పెడితే మా అత్త ఒప్పుకోదు. పెద్దమామ ఎవరినీ అడక్కుండా దేవుని గదిలో పటాల పక్కనున్న గూట్లో పెట్టేశాడు. ఆ గది ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ. ఒక కొమ్మును తమ గదుల వైపు, ఒకటి మా వైపు, ఒకటి చిన్నమామ వైపు తిప్పి, పెట్టెకు కుంకుమబొట్టు పెట్టాడు. తర్వాత వాకిట్లోకి వచ్చి ఇల్లంతా వినబడేలా కేకేశాడు.

"అందరికీ వచ్చినాదా?"

మూడు వైపులనుంచీ ఒక్కొక్కరే పలికారు. వచ్చింది పెద్దనాయనా. వచ్చిందన్నా. వచ్చింది మామా. ఆ మొహంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

రావడమైతే వచ్చింది గానీ, నిలవలేదు. రోజుకు ఎన్నిసార్లు ఆగిపోయేదో లెక్కలేదు. ఆగినప్పుడల్లా ప్లగ్గు తీసి కాసేపాగి మళ్ళీ పెట్టాలి. దేవుని గది కాబట్టి స్నానం చేయకుండా లోపలికి పోకూడదు. నెలలో ఆ నాలుగు రోజులూ ఆడవాళ్ళు గడప తొక్కకూడదు. అందుకని ఎవరికి ఆగినా పెద్దమామనే పిలిచేవాళ్ళం. ఆయన పొద్దున్నే స్నానం చేసి ఉన్నా సరే, మండీకి పోయొచ్చిన ఒళ్ళని మళ్ళీ నాలుగు చెంబులు పోసుకుని, తడి పంచెతో లోపలికి పోయేవాడు. ప్లగ్గు తీసి, "గోవిందా, గోవిందా, గోవిందా," అని మూడుసార్లు నిదానంగా అని మళ్ళీ పెట్టేవాడు. కాసేపాగడమంటే ఎంతసేపని నన్నడిగితే, నేనే నవ్వులాటకు మూడు గోవిందలంత అని చెప్పాను. ఆ లెక్క చివరిదాకా తప్పలేదు. పెట్టాక గడపలో నిలబడి అదే కేక. "అందరికీ వచ్చినాదా?" అందరూ పలికేదాకా కదిలేవాడు కాదు.

కొమ్ముల గొడవ అదొకటి. ఒక్కో కొమ్ము ఒక్కో కుటుంబానిదని ఆయన నమ్మడమే కాదు, ఇల్లంతా నమ్మింది. ఇంజనీరింగు చదివే చిన్నమామ కొడుకు కూడా నమ్మినట్టే ఉండేవాడు. పూజకు లోపలికి పోయినవాళ్ళు చడీచప్పుడు లేకుండా తమ కొమ్మును ఇంత ఎత్తి, పక్కవాళ్ళది ఇంత వంచి వచ్చేవారు. "మా కొమ్ము నేలసూపు సూస్తాంది, మీది మాత్రం నిటారుగా ఉండాది," అని చిన్నత్త మా అత్తతో దెబ్బలాడింది. దేవుడి ముందర దీపం వెలిగించి, దండం పెట్టి, ఆ చేత్తోనే తోడికోడలి కొమ్ము వంచే భక్తి ఆ ఇంట్లోనే చూశాను. పెద్దమామ రోజూ పూజయ్యాక మూడింటినీ సరిచేసేవాడు, ఒక్క మాటైనా అనకుండా.

తలుపుల సంగతి మాత్రం ఆయన వదల్లేదు. తన గదులనుంచి మా గదులకు, మా గదులనుంచి చిన్నమామ గదులకు మధ్యలో తలుపులుండేవి. పొయ్యిలు వేరైనప్పటినుంచీ అవి మూసే ఉండేవి. ఇప్పుడు ఆయన ఒక్కో తలుపూ తోసుకుంటూ ఇల్లంతా తిరిగేవాడు. "తలుపు తియ్యండమ్మా, నెట్టు రావల్ల గదా. అంగడాయన సెప్పినాడు," అనేవాడు. మామూలుగా తెరవమంటే ఎందుకని అడిగేవాళ్ళే. నెట్టు కోసం అనేసరికి తెరిచారు. పొద్దుటినుంచి రాత్రి దాకా ఆ తలుపులు బార్లా తెరిచి ఉండేవి. చిన్నమామ చిన్నకూతురు పలక పట్టుకుని మా గదుల్లోంచి పెద్దత్త దాకా పరిగెత్తేది. మా ఇంటి పోపు వాసన అటు పోయేది, వాళ్ళ ఇంటి టీవీ మాకు వినబడేది. తెరిచింది నెట్టు కోసమే గానీ, తెరిచి ఉన్న తలుపులోంచి మాట పోకుండా ఉంటుందా? కొన్నాళ్ళపాటు ఆ ఇల్లు ఇల్లులాగే ఉంది.

ఒకసారి రెండు రోజులు అసలు రాలేదు. మనిషిని పిలిచి విప్పదీయిస్తే పెట్టె నిండా చీమలు. పక్కనే నైవేద్యం బెల్లం పెట్టిన పుణ్యం. పెద్దత్త ఆయన్ను చూసి, "జేబు సాలక దీనిక్కూడా పట్టించినావా?" అంది. ఆ రోజు అందరం నవ్వాం. అన్నదమ్ములు ముగ్గురూ ఒకచోట నిలబడి నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

నాకు మాత్రం నవ్వులాట కాదు. నా పని గడువు మీద నడిచే పని. ఒకరోజు ఒక పెద్ద ఫైలు పంపుతుండగా మధ్యలో ఆగిపోయింది. నేను దేవుని గదిలోకి పోకూడని రోజు. పెద్దమామ మండీనుంచి వచ్చి, నీళ్ళు పోసుకుని, గోవిందలన్నీ అయ్యేసరికి గడువు దాటింది. పని వెనక్కు పోయింది. "అందరికీ వచ్చినాదా?" అని ఆయన కేకేస్తే నేను వాకిట్లోకి వచ్చి అరిచేశాను.

"వచ్చినా నాకేమి మామా? ఈడ ఒక ప్లగ్గు పెట్టల్లంటే స్నానం సెయ్యల్ల. సేసినా ఈ నాలుగు దినాలు ఆడది పెట్టగూడదు. ఆ దేశం డాక్టరు నా కోసరం కూసోనుంటాడా? ఒకటి సాలదని ఆ అంగడాయన అప్పుడే సెప్పినాడు. రెండు పెట్టుంటే మీ సొమ్మేమి పోయుండు?"

ఇంట్లో ఎవరూ ఆయనతో అలా మాట్లాడి ఉండరు. ఆయన కోప్పడలేదు. దేవుని గది మెట్టు మీద కూర్చుని తలమీది నీళ్ళు తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"ఒకటి సాలదని నాకూ తెలుసుమ్మా. వాడు సెప్పినప్పుడే తెలుసు."

"తెలిసీ ఎందుకు తెచ్చినారు?"

"రెండు తెస్తే మూడోది దానంతటదే వస్తాది." ఆయన గొంతు తగ్గించాడు. "సూడుమ్మా, పొయ్యిలు వేరైనాక ఈ ఇంట్లో నన్ను కేకేసి పిలిసినోళ్ళు లేరు. నేనే అందరి గడపల్లో నిలబడి కూర అడుక్కుంటి. ఇప్పుడు సూడు, పొద్దున లేస్తే పెద్దనాయనా రాలేదు, అన్నా రాలేదు, మామా రాలేదు అని మూడు దిక్కులనుంచీ పిలుస్తాండారు. బాగుంటే ఎవురు పిలుస్తారు నన్ను? రాకపోతేనే గదమ్మా పిలిసేది."

నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. ఆయన జేబు కోసం తడుముకున్నాడు. తడి పంచె తప్ప ఒంటి మీద చొక్కా లేదు. నా చేతిలో పెట్టడానికి ఏమీ లేక, ఖాళీ చెయ్యి చూసుకుని లేచి వెళ్ళాడు.

ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు. ఒకరోజు మధ్యాహ్నం మండీలో బెల్లందిమ్మెల పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఉప్పు తగిలిందా అని పొద్దున నన్నడిగి వెళ్ళిన మనిషి సాయంత్రానికి వాకిట్లో పడుకుని ఉన్నాడు.

దహనం అయి అందరం స్నానాలు చేసి కూర్చున్నాక, కార్వేటినగరంనుంచి వచ్చిన అన్నదమ్ముల మేనత్త, బాగా పెద్దావిడ, "మైల గదా, దేవుని గది మూసెయ్యండి. కర్మ జరిగే పెద్దదినం అయినదాకా లోపల దీపం వెలగగూడదు," అంది. చిన్నమామ తలుపు దాకా పోయి ఆగాడు. గూట్లో పెట్టె పచ్చగా మిణుకుమిణుకుమంటోంది.

"అత్తా, ఈ దీపాలు?" అని అడిగాడు.

ఆవిడకు అదేమిటో తెలియదు. "దీపమంటే దీపమే నాయనా. ఆర్పెయ్యి," అంది.

చిన్నమామ గడప దాటకుండానే చెయ్యి చాచి ప్లగ్గు పీకి, తలుపు మూసి గొళ్ళెం పెట్టాడు. మా మామ చూస్తూ ఊరుకున్నాడు. మైల మాకే గాని ఊరికి లేదు. పక్కింటివాళ్ళలో ఎవరినైనా పిలిచి ఆ పెట్టెను తెచ్చి వాకిట్లో పెట్టించవచ్చు. అంత చిన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదంటే నేను నమ్మను. కోడలినని నేనూ నోరు మెదపలేదు.

దినాలు గడవకముందే, పరామర్శకు వచ్చేవాళ్ళు ఇంకా వస్తుండగానే, చిన్నమామ వైపు గోడమీదుగా ఒక కొత్త వైరు దిగింది. కొడుకుకు పరీక్షలట. దాన్ని చూసి మా మామ ఇంకోటి లాగించాడు. "కోడలి పని నిలిసిపోతాది," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. నా పేరు చెప్పి లాగారు. నన్నెవరూ అడగలేదు. రెండూ బ్రహ్మాండంగా పనిచేశాయి. ఒక్కసారి కూడా ఆగలేదు. తలుపులు తెరిచి పెట్టాల్సిన అవసరం లేకపోయింది. ఎవరు మొదలుపెట్టారో గానీ ఒక్కొక్కటే మూసుకున్నాయి. అటువైపునుంచి ఒక గడియ పడితే ఇటువైపునుంచి ఇంకోటి పడింది.

వాకిట్లో గోడ ఆ తర్వాతి ఏడాది లేచింది. మండీ అమ్మారు, దేవుని పటాలు పంచుకున్నారు. ఇప్పుడు ఆ చోట మూడు ఇళ్ళున్నాయి, మేము తిరుపతికి వచ్చేశాం. గోడ లేచిన రోజు నాకు అంతగా గుర్తులేదు. నాకు గుర్తున్నది పెద్దదినం సాయంత్రం.

పురోహితుడు ఇల్లంతా నీళ్ళు చల్లి శుద్ధి చేసి వెళ్ళాడు. భోజనాలయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. ఎవరి గదుల్లోకి వాళ్ళు పోయి తలుపులు వేసుకున్నారు. నేను వాకిట్లో గిన్నెలు సర్దుతున్నాను. పెద్దత్త తలస్నానం చేసి వచ్చి దేవుని గది గొళ్ళెం తీసింది. దీపం వెలిగించింది. ఆమె అంతకుముందు ఏనాడూ ఆ పెట్టెను ముట్టుకోలేదు. దగ్గరికి పోయి కాసేపు చూసి, కొంగుతో దుమ్ము తుడిచింది. "గోవిందా, గోవిందా, గోవిందా," అని నిదానంగా అని ప్లగ్గు పెట్టింది. పచ్చదీపాలు వెలిగాయి. ఆయన చేసినట్టే మూడు కొమ్ములనూ మూడు వైపులకు సరిచేసింది. గడపలోకి వచ్చి నిలబడి, ఆయన వేసినట్టే కేకేసింది.

"అందరికీ వచ్చినాదా?"

ఎవరూ పలకలేదు. చిన్నమామవాళ్ళ గదిలో టీవీ నడుస్తోంది. మా గదిలో మా ఆయన కొత్త నెట్టు మీద ఏదో చూస్తున్నాడు. ఆమె మూసి ఉన్న తలుపులను ఒక్కొక్కదాన్నే చూసింది. తనకు పిలవడం సరిగ్గా రాలేదనుకుందో ఏమో, ఈసారి ఇంకా గట్టిగా అడిగింది.

"ఏమప్పా, ఎవురూ పలకరు? అందరికీ వచ్చినాదా?"

నేను గిన్నెలు కింద పెట్టి లేచాను. పెద్దమామ అన్నాళ్ళు కూర గిన్నెలు మోసుకుంటూ చెప్పిన అబద్ధం, ఆ ఇంట్లో ఇక చెప్పడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

"వచ్చిందత్తా," అన్నాను. "అందరికీ వచ్చింది."